సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, డీజిల్ కారు స్టార్ట్ కావడం లేదు. ఈసీఎం (ఇంజన్ని నడిపే కంప్యూటర్) పోయిందంటున్నారు, నమ్మాలా?

చెరువుగట్టు | విడవలూరు

అందరికీ నమస్కారం. 2014 మోడల్ డీజిల్ సెడాన్, కామన్ రైల్ ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకీ రైల్ అనే ఒకే గొట్టం నుంచి డీజిల్ పోయే రకం). షోరూంలో కొన్నది మేమే, మధ్యలో వేరే ఓనర్ లేరు. ఈసారి వానలు మొదలైనప్పటి నుంచి సతాయిస్తోంది. మొదట్లో తాళం తిప్పితే ఒక్కోసారి అందుకునేది కాదు, తాళం తీసి మళ్ళీ పెడితే స్టార్ట్ అయ్యేది. ఆ తర్వాత ఒకసారి కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి మీద పోతుంటే ఇంజన్ టక్కున ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. పక్కకి లాగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఇప్పుడు పూర్తిగా పడుకుంది. సెల్ఫ్ మాత్రం గట్టిగా తిరుగుతోంది.

మా ఊరి మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చి, ఎయిర్ తీశాడు. లాభం లేదు. నెల్లూరు నుంచి స్కానర్ ఉన్న మనిషిని పిలిపించాం. స్కానర్ ఇంజన్‌తో కలవడం లేదు, ఈసీఎం పోయింది, సెకండ్ హ్యాండ్‌ది తెప్పించి కోడింగ్ చేయించాలి, 38 వేలు అవుతుంది అన్నాడు. ఎర్త్ కూడా మీటర్ పెట్టి చూశాడు, బీప్ వచ్చింది. అంత డబ్బు పెట్టేముందు ఇక్కడ ఒక మాట అడుగుదామని. మల్టీమీటర్ నా దగ్గరే ఉంది, చెరువు మీద ఏరేటర్ల ప్యానెల్ కోసం కొన్నది. వాడడం ఓ మాదిరిగా వచ్చు.

కావలి_కుర్రోడు | కావలి

అన్నా, క్రాంక్ సెన్సర్, ఇంజన్ తిరగడం చూసి ఈసీఎంకి చెప్పేది. కళ్ళు మూసుకుని మార్చెయ్. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం, మళ్ళీ స్టార్ట్ కావడం అంటే అదే. మా బావ బండికి సేమ్ టు సేమ్. స్టార్టింగ్‌కి ముందు ఇంజన్ లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు కూడా ఒకసారి చూపించు, డీజిల్ బండ్లకి వానాకాలం అవే పోతాయి.

జీపుమామ | దర్శి

సెన్సర్లూ గిన్సర్లూ తర్వాత. ముందు ఇంజెక్టర్ పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చిమ్మిందంటే పంపు బాగున్నట్టు. చిమ్మకపోతే పంపు. ముప్పై ఏళ్ళ నుంచి మా జీపుకి ఇదే పద్ధతి. లేదంటే నలుగుర్ని పిలిచి తోయించి సెకండ్ గేర్‌లో వదలండి, అదే అందుకుంటుంది.

పాతవైరింగు | ఒంగోలు

జీపుమామ గారూ, మీ జీపుకి అది సరే. కామన్ రైల్ బండికి ఆ పైపు నట్టు మీద స్పానర్ పెట్టకండి, చదివేవాళ్ళు ఎవరూ పెట్టకండి. ఆ రైల్లో ప్రెజరు ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడే 250, 300 బార్ల దాకా ఉంటుంది, లాగినప్పుడు వెయ్యి దాటుతుంది. అంత ప్రెజర్లో సన్నగా చిమ్మిన డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగుతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ కుళ్ళిపోతుంది. వేళ్ళు తీసేయాల్సి వచ్చిన కేసులున్నాయి. రైల్లో ప్రెజరు ఎంతుందో స్కానర్లో అంకె కనిపిస్తుంది, నట్టు తిప్పాల్సిన పనే లేదు.

తోయడం కూడా ఇక్కడ దండగ. పాత డీజిల్లో పంపుకి డీజిల్ అందితే చాలు, ఇంజన్ తిరిగితే అందుకుంటుంది. ఇందులో ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో ఈసీఎం చెప్పాలి. అది నిద్రపోతుంటే తిరుపతి దాకా తోసినా స్టార్ట్ కాదు.

చెరువుగట్టూ, నువ్వు ఒక్క సంగతి చెప్పు నాయనా. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో పెట్టినప్పుడు మీటర్ బోర్డులో ఇంజన్ గుర్తు పసుప్పచ్చ లైటు, చుట్టలాగా ఉండే హీటర్ లైటు వెలుగుతున్నాయా? తాళం గుర్తు లైటు ఏమైనా టపటపా కొట్టుకుంటోందా? ఈ మూడూ చూసి చెప్పు. అంతవరకూ ఎవరేం చెప్పినా ఒక్క స్క్రూ విప్పొద్దు.

నల్లరాయి | చీమకుర్తి

సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందంటున్నారు కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే. ఒకవేళ దిగిపోయినా లారీ నుంచి జంప్ మాత్రం ఇవ్వకండి. మా క్వారీ దగ్గర ఒకాయన కారుకి టిప్పర్ నుంచి కేబుళ్ళు తగిలించారు. టిప్పర్లో రెండు బ్యాటరీలు సిరీస్‌లో 24 వోల్టులు. ఠప్‌మని ఒక్క చప్పుడు. డైనమో డయోడ్లు, ఈసీఎం రెండూ పోయాయి. నిజంగా ఈసీఎం పోవడమంటే అదీ.

కావలి_కుర్రోడు | కావలి

రెండు బ్యాటరీల్లో ఒకదాని మీదే తగిలిస్తే 12 వస్తుంది కదన్నా?

నల్లరాయి | చీమకుర్తి

వస్తుంది. రెండింట్లో బాడీ ఎర్త్ ఉన్న బ్యాటరీ ఏదో తెలిసినవాడికి వస్తుంది. తెలియనివాడు రెండోదానికి తగిలించి, కారు బంపర్ టిప్పర్‌కి ఆనుకుని ఉందనుకో, ఇంకో ఠప్.

చెరువుగట్టు | విడవలూరు

పాతవైరింగు గారూ, చూశాను. తాళం ఆన్‌లో పెడితే ఇంజన్ లైటు వెలగడం లేదు, హీటర్ లైటూ లేదు. తాళం గుర్తు లైటు మామూలుగా ఒకసారి వెలిగి ఆరేది, ఇప్పుడు అలాగే వెలుగుతూ ఉండిపోయింది. ఏబీఎస్, ఎయిర్ బ్యాగ్, హ్యాండ్ బ్రేక్, ఆయిల్ లైట్లు అన్నీ వెలుగుతున్నాయి. ఇంకో సంగతి. బానెట్ ఎత్తి చెవి పెడితే ఫ్యూజ్ బాక్సులో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) టకటకటక అని సన్నగా కొట్టుకుంటోంది. బ్యాటరీ వీక్ అయితే అట్లా వస్తుందని మా మెకానిక్ అన్నాడు.

బ్యాటరీ కొలిచాను. ఊరికే ఉన్నప్పుడు 12.5. సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.4 దాకా దిగింది.

ఓం_నియమం | నెల్లూరు

బ్యాటరీని ఇక్కడితో వదిలేయొచ్చు. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తుంది, 12.2 దగ్గర సగానికి వచ్చినట్టు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే దిగకపోతే చాలు. మీది 10.4 ఉంది. సెల్ఫ్ వేగంగా తిరుగుతోందంటే సెల్ఫ్ మోటర్, దాని సోలనాయిడ్, ఇంజన్‌కి వచ్చే లావు ఎర్త్ కేబుల్ బాగున్నట్టే.

మీరు చెప్పిన రెండు లైట్లే కేసు మొత్తం చెబుతున్నాయి. ఇంజన్ లైటుని, హీటర్ లైటుని వెలిగించేది ఈసీఎం. ఏబీఎస్, ఎయిర్ బ్యాగ్ లైట్లకి వాటి సొంత కంట్రోలర్లున్నాయి. ఆ లైట్లు వచ్చి ఈ రెండే రాలేదంటే ఈసీఎం లేవడం లేదు. తాళం గుర్తు లైటు ఆరకపోవడం కూడా అందుకే, తాళం అసలుదేనా అని చూసే భాగానికి అవతల జవాబు చెప్పాల్సిన ఈసీఎం లేవలేదు. క్రాంక్ సెన్సర్ పోతే ఈసీఎం బతికే ఉంటుంది, లైటు వెలుగుతుంది, స్కానర్ కలుస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంది, అంతే. కాబట్టి కావలి_కుర్రోడు గారూ, ఈ బండికి మాత్రం అది కాదు.

ఈసీఎం లేవకపోవడానికి నాకు తోచే కారణాలు నాలుగు. దానికి కరెంటు అందకపోవడం, ఎర్త్ అందకపోవడం, సెన్సర్లకి అది పంపే 5 వోల్టుల లైను ఎక్కడో షార్ట్ కావడం, నిజంగానే అది పోవడం. మీ మెకానిక్ నేరుగా చివరిదానికి వెళ్ళారు. స్కానర్ ఇంజన్‌తో కలవనప్పుడు ఏబీఎస్‌తో, ఎయిర్ బ్యాగ్‌తో కలిసిందో లేదో అడిగి చెప్పగలరా?

చెరువుగట్టు | విడవలూరు

ఫోన్ చేసి అడిగాను మేడమ్. ఆ రెండింటితోనూ కలిసిందట.

ఓం_నియమం | నెల్లూరు

అయితే స్కానర్ పెట్టే కప్లరు, అక్కడి నుంచి పోయే రెండు డేటా వైర్లు దాదాపు బాగున్నట్టే. బ్యాటరీ తీసేసి ఆ కప్లర్లో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలిస్తే 60 రావాలి, వీలైతే అదీ చూడండి. రాకపోయినా ముందు కరెంటు సంగతి చూద్దాం.

జీపుమామ | దర్శి

ఇన్ని తిప్పలు పడే బదులు మా జీపు కొనుక్కోండి. దానికి ఉన్నదే ఒక్క వైరు. 😀 మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆ ఒక్క వైరు కూడా ఇప్పుడు మొరాయిస్తోంది. సెల్ఫ్ తిరుగుతుంది, పొగ కూడా రాదు, స్టార్ట్ కాదు.

పాతవైరింగు | ఒంగోలు

పంపు మీద స్టాప్ సోలనాయిడ్ ఉంటే చూడండి. తాళం ఆన్ చేయగానే టిక్ అని చిన్న చప్పుడు రావాలి. దానికి 12 వోల్టులు వస్తేనే డీజిల్ దారి తెరుచుకుంటుంది. పొగ కూడా రావడం లేదంటే డీజిల్ లోపలికే పోవడం లేదు. టెస్టింగ్ బల్బు పెట్టి చూసి రాయండి. ఈయన పని అయ్యాక మీది చూద్దాం.

చెరువుగట్టూ, ఫ్యూజులన్నీ చూశావా? కంటితో కాదు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న రేకులు బయటికి కనిపిస్తాయి. తాళం ఆన్‌లో పెట్టి టెస్టింగ్ బల్బు ఒక కొన బ్యాటరీ మైనస్‌కి తగిలించి, రెండో కొన ఆ రేకులకి ఆనించు. రెండు వైపులా వెలగాలి. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయినట్టు. ఎల్ఈడీ టెస్టర్ కాదు, పాత పద్ధతి బల్బే వాడు.

చెరువుగట్టు | విడవలూరు

అన్నీ చూశాను. అన్నిటికీ రెండు వైపులా వెలిగింది. టకటకమంటున్న రిలే తీసి, హారన్ రిలే దాని చోట పెట్టాను, రెండూ ఒకే సైజు. అదీ టకటకమంటోంది. తీసిన రిలేని హారన్ దగ్గర పెడితే హారన్ బాగా మోగుతోంది.

ఎలకలేమైనా కొరికాయేమోనని టార్చి వేసి చూశాను. పక్కనే ధాన్యం కొట్టు ఉంది. బానెట్ కింద నాలుగు వడ్లగింజలు దొరికాయి గానీ కొరికిన వైరు కనిపించలేదు.

సందేహాలరావు | బుచ్చిరెడ్డిపాళెం

ఎలకలకి పొగాకు కాడలు పెడితే రావంటారు, నిజమేనా? అట్లాగే నా బండికి పొద్దునకల్లా బ్యాటరీ దిగిపోతోంది, అది కూడా ఇక్కడే అడగొచ్చా?

పాతవైరింగు | ఒంగోలు

పొగాకు కాడలు పెట్టిన బండిలోనే ఎలక పిల్లలు పెట్టడం నేను చూశాను. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచితే కొంత మేలు, వాటికి వెచ్చదనం, చీకటి కావాలి. బ్యాటరీ సంగతికి వేరే చర్చ పెట్టండి, అక్కడికి వచ్చి చెబుతా. డోర్లు మూసి, బండి లాక్ చేసి, కాసేపు ఆగి మైనస్ కేబుల్ దగ్గర మీటర్ వరసలో పెడితే 50 మిల్లీ ఆంపియర్లకి మించి లాగకూడదు. అంతకంటే ఎక్కువుంటే ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ పోవాలి.

ఇక అసలు సంగతికి. రిలే మార్చినా టకటక పోలేదంటే తప్పు రిలేలో లేదు, దాన్ని ఆడించే దాంట్లో ఉంది. ఆ మెయిన్ రిలేకి కాయిల్ పిన్నులు 85, 86. ఒకదానికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, రెండోదాన్ని ఈసీఎం ఎర్త్ చేస్తుంది. ఈసీఎం ఎర్త్ చేయగానే రిలే మూసుకుని 30 నుంచి 87 ద్వారా ఈసీఎంకి నిండు కరెంటు పోతుంది. మరి ఈసీఎం సొంత ఎర్తే బాగాలేకపోతే? నిండు కరెంటు రాగానే దాని ఎర్త్ పైకి లేస్తుంది, రిలేని వదిలేస్తుంది. వదలగానే లోడు పోయి ఎర్త్ మళ్ళీ బాగుపడుతుంది, రిలేని పట్టుకుంటుంది. అదే టకటక. బ్యాటరీ పడిపోయినా ఇదే చప్పుడు వస్తుంది, మీ మెకానిక్ అన్నది తప్పు కాదు. కానీ 12.5 ఉన్న బ్యాటరీకి ఇది రాదు.

కావలి_కుర్రోడు | కావలి

ఎర్త్ చూశారు కదా బాబాయ్, బీప్ వచ్చిందని మొదటి పోస్టులోనే రాశాడు.

ఓం_నియమం | నెల్లూరు

ఆ బీప్ గురించి కాస్త పెద్దగానే రాస్తాను, మా పిల్లలకి ల్యాబ్‌లో ప్రతి ఏడాదీ చెప్పేదే.

మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పంపేది నామమాత్రం కరెంటు, మిల్లీ ఆంపియర్ లోపు. చాలా మీటర్లు 30, 50 ఓముల దాకా బీప్ ఇస్తాయి. ఈసీఎం ఇంజెక్టర్లనీ, పంపు మీద వాల్వునీ నడిపేటప్పుడు ఆంపియర్లలో కరెంటు లాగుతుంది. ఆ దారిలో 5 ఓములు అడ్డం పడ్డా 1 ఆంపియర్‌కి 5 వోల్టులు అక్కడే పోతాయి. మీటర్ మాత్రం బీప్ అనే అంటుంది. వైరులో ముప్పై పోగులుండి ఇరవై తొమ్మిది తెగిపోయినా, మిగిలిన ఒక్క పోగు చాలు బీప్‌కి. వోల్టులు కొలిచినా అంతే, లోడు లేకపోతే ఆ ఒక్క పోగు మీద కూడా నిండా 12 చూపిస్తుంది.

పొలంలో మోటర్ ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. స్టార్టర్ నొక్కకముందు ప్యానెల్లో 400 పైన చూపిస్తుంది. నొక్కగానే 300కి పడి మోటర్ మూలుగుతుంది. అలాంటప్పుడు ఊరికే ఉన్నప్పటి అంకె చూసి లైను బాగుందని ఎవరూ అనరు కదా.

అందుకే లోడు మీద ఉన్నప్పుడే కొలవాలి. చెరువుగట్టు గారూ, ఈసీఎం కప్లర్లోంచి నల్ల వైర్లు లేదా నలుపు మీద గీత ఉన్న వైర్లు రెండు మూడు కలిసి బయటికి వస్తుంటాయి, సాధారణంగా ఎర్త్‌లు అవే. మీ మోడల్ వైరింగ్ డయాగ్రం దొరికితే దాన్ని బట్టి ఖాయం చేసుకోండి. కప్లర్ ఊడదీయకుండా, వెనక వైపు నుంచి సన్నటి గుండుసూది వైరు పక్కగా లోపలికి దూర్చండి. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి ఎర్ర ప్రోబ్ ఆ సూదికి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ బోడిపెకి. తాళం ఆన్ చేయండి. అది నిజంగా ఎర్త్ అయితే సున్నాకి దగ్గర, మహా అయితే 0.1 వోల్టు. అంతకు మించి వస్తే అదంతా దారిలో పోతున్న వోల్టేజీ.

పాతవైరింగు | ఒంగోలు

మేడమ్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. వైరు తొడుగు మీద సూది గుచ్చి చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ సముద్రం పక్క ఊళ్ళలో అది మాత్రం చేయొద్దు. ఆ చిల్లులోంచి ఉప్పు గాలి లోపలికి పోతుంది, ఏడాది తిరక్కుండా రాగి పచ్చగా పొడైపోతుంది. చీరాల నుంచి మీ విడవలూరు దాకా తీరం పొడుగునా ఇదే గోల. గిద్దలూరు నుంచి వచ్చే బండ్లలో ఇంత పచ్చ కనపడదు.

ఇంజెక్టర్ కప్లర్ల జోలికి మాత్రం పోవద్దు. వాటికి ఈసీఎం 12 వోల్టుల్ని బాగా పెంచి పంపుతుంది. షాక్ కొడుతుంది, మీటర్ చూపేలోపే అయిపోతుంది కాబట్టి ఉపయోగమూ లేదు.

సందేహాలరావు | బుచ్చిరెడ్డిపాళెం

2021 నవంబర్లో పెన్నా వరదలొచ్చినప్పుడు కోవూరు పక్క చాలా బండ్లు నీళ్ళలో నిలబడ్డాయి. వీళ్ళ బండి అప్పట్లో మునిగి ఉంటే? కార్పెట్ కింద ఒండ్రు ఉందేమో చూడమనండి.

చెరువుగట్టు | విడవలూరు

అప్పుడు బండి నెల్లూరులో మా అత్తగారింట్లో మేడ కింద ఉంది, టైరు కూడా తడవలేదు. 2023 డిసెంబర్ మిగ్‌జాం తుపానప్పుడు మాత్రం వాన, గాలిలో బయటే ఉంది. మునగలేదు.

మేడమ్ చెప్పినట్టు కొలిచాను. నల్ల వైర్లు మూడున్నాయి. మూడింటి మీదా ఒకటే రీడింగ్. తాళం ఆఫ్‌లో 0.0. ఆన్ చేయగానే 3 నుంచి 7 మధ్య ఎగురుతోంది, రిలే టకటకతో పాటే. ఒక్కచోట నిలబడడం లేదు.

నల్లరాయి | చీమకుర్తి

దొరికాడు దొంగ.

ఓం_నియమం | నెల్లూరు

దొరికినట్టే ఉంది, ఖాయం చేసుకుందాం. మూడు వైర్ల మీదా ఒకే రీడింగ్ అంటే ఆ మూడూ ఎక్కడో కలుస్తున్నాయి, ఆ కలిసినచోటు నుంచి బాడీ దాకా ఉన్న ముక్కలో గానీ బోల్టు దగ్గర గానీ తేడా ఉంది.

ఏదీ కోయకముందు ఇంకో పరీక్ష. తాళం ఆఫ్ చేసి, కాస్త లావు వైరు ఒకటి తీసుకుని ఒక కొన బ్యాటరీ మైనస్‌కి బిగించండి. రెండో కొన మీరు దూర్చిన సూదికి క్లిప్‌తో పట్టించండి. ఇప్పుడు తాళం ఆన్ చేసి ఇంజన్ లైటు వెలిగిందేమో చూడండి. వెలిగితే ఈసీఎం పోలేదు. సూది మీదుగా ఎక్కువసేపు ఉంచొద్దు, స్టార్ట్ చేసినా వెంటనే ఆపేయండి.

చెరువుగట్టు | విడవలూరు

వెలిగింది మేడమ్!! ఇంజన్ లైటూ, హీటర్ లైటూ రెండూ. టకటక పోయింది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. మా నాన్న బయటికొచ్చి చూసి, ఆ 38 వేలు ఎవరికిచ్చావురా అని అడిగాడు.

కావలి_కుర్రోడు | కావలి

సూపర్ అన్నా 👏 హీటర్ ప్లగ్గులు కూడా ఎలాగూ చూపించెయ్.

పాతవైరింగు | ఒంగోలు

అబ్బాయ్, నెల్లూరులో చలికాలం రాత్రి కూడా 20 డిగ్రీలకి అటూ ఇటూనే. ఈ రకం డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు ఆ వేడికి ప్లగ్గులన్నీ పీకి పక్కన పెట్టినా స్టార్ట్ అవుతాయి. సిమ్లాలో అడుగు ఆ ప్రశ్న.

చెరువుగట్టూ, ఇప్పుడు ఆ ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో చెయ్యి పెట్టి పట్టుకుంటూ పో. చాలా బండ్లలో బ్యాటరీ ట్రే కిందో, ఫెండర్ లోపలో బాడీకి బోల్టు ఉంటుంది. బ్యాటరీ తీసేటప్పుడు మైనస్ ముందు విప్పు, బిగించేటప్పుడు అది చివర. తాళం తీసిన వెంటనే విప్పకు, ఈసీఎం తన పనులు ముగించుకుని రిలే వదలడానికి కాస్త టైమివ్వు.

చెరువుగట్టు | విడవలూరు

బ్యాటరీ, ట్రే రెండూ తీశాను. కింద బోల్టు ఉంది. చూడ్డానికి రింగు లగ్గు (బోల్టు కింద పెట్టడానికి వైరు కొనకి నొక్కిన రింగు) బానే ఉంది, బోల్టూ బిగువుగానే ఉంది. వైరు తొడుగు కూడా ఎక్కడా పగల్లేదు. కానీ లగ్గు దగ్గర వైరు వంచితే లోపల కరకరమంటోంది. లగ్గు పట్టుకుని కొంచెం లాగితే చేతిలోకి వచ్చేసింది. లోపల రాగి లేదు, మైలుతుత్తం రంగులో పొడి. తొడుగు కోసుకుంటూ పోతే జానెడు దాకా అదే పచ్చ, ఆ తర్వాత నల్లగా ఉంది.

ట్రే కింద తెల్లగా పెచ్చు కట్టి ఉంది. పాత బ్యాటరీ ఒకటి యాసిడ్ కారుతోందని మార్చాం, ఆ కారింది అంతా ఇక్కడికే వచ్చినట్టుంది.

పాతవైరింగు | ఒంగోలు

యాసిడూ ఉప్పు గాలీ రెండూ కలిశాయన్నమాట. లగ్గు నోట్లోంచి లోపలికి పాకుతూ పోయింది. బ్రిడ్జి మీద ఆగిపోయిందీ ఇందుకే, ఆ జాయింట్ల కుదుపుకి మిగిలిన ఒకటి రెండు పోగులు వదిలేసి ఉంటాయి.

చేసే పద్ధతి చెబుతా. ముందు బ్యాటరీ ప్లస్ కేబుల్ కూడా విప్పి పక్కన పెట్టు. ఆ ట్రే, దాని కింద రేకు వంటసోడా కలిపిన నీళ్ళతో కడుగు, బుసబుసా పొంగుతుంది. పొంగడం ఆగేదాకా కడిగి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టు. వైరుని రాగి తళతళలాడే చోటు దాకా వెనక్కి కోసేయాలి. నల్లబడిన రాగికి సోల్డర్ పట్టదు, అదే కొలబద్ద. అక్కడి నుంచి అంతే లావు లేదా ఒక సైజు ఎక్కువ వైరు కొత్తది వేయి. మూడూ కలిసి ఒకటిగా వస్తోంది కాబట్టి 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) కంటే తగ్గించకు, 4 అయితే ఇంకా మంచిది. లగ్గు ప్లయర్‌తో నొక్కితే సరిపోదు, క్రింపింగ్ టూల్ ఉన్నవాడి చేత నొక్కించు. జాయింటు మీద జిగురున్న హీట్ ష్రింక్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వేయించు, నల్ల టేపు చుట్టి వదిలేస్తే వచ్చే వానాకాలం మళ్ళీ ఇక్కడే కలుస్తాం. బోల్టు కింద రేకు మీద పెయింటు గీకి ఇనుము కనిపించేలా చేసి బిగించి, పైన వాజలిన్ పట్టించు. వాజలిన్ బిగించాక పైన పూయాలి, ముందు పూసి మధ్యలో పెట్టకూడదు.

ఓం_నియమం | నెల్లూరు

పని అయ్యాక మళ్ళీ అదే రీడింగ్ తీసుకోండి. ఇంజన్ ఆడుతూ, హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి.

చెరువుగట్టు | విడవలూరు

అయిపోయింది. నెల్లూరు ఆటోనగర్ నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ని ఇంటికే పిలిపించాను. వైరు, లగ్గులు, ష్రింకు, కూలీ, రానుపోను పెట్రోలు అన్నీ కలిపి 850 తీసుకున్నాడు. అన్నీ వేసి కొలిస్తే ఈసీఎం ఎర్త్ మీద 0.03 వోల్టులు. డైనమో చార్జింగ్ 14.1. పక్కనున్న ఇంకో ఎర్త్ బోల్టు కూడా విప్పి చూశాం, అది ఇంకా బాగానే ఉంది, దానికి కూడా పెయింటు గీకి మళ్ళీ బిగించాం.

స్కానర్ ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఈసీఎం ఆర్డర్ పెట్టలేదుగా అన్నాడు, పెట్టలేదన్నాను, అయితే సరే అన్నాడు.

సందేహాలరావు | బుచ్చిరెడ్డిపాళెం

ఒకవేళ సూది పెట్టినప్పుడు ఎర్త్ మీద సున్నా వచ్చి ఉంటే ఏం చేసేవాళ్ళు? నాకు రేపు పనికొస్తుందని అడుగుతున్నా.

ఓం_నియమం | నెల్లూరు

ఎర్త్ మీద సున్నా వచ్చి, 87 నుంచి వచ్చే వైర్ల మీద నిండా 12 ఉండి, అప్పటికీ ఈసీఎం లేవకపోతే 5 వోల్టుల లైను చూడాలి. రైల్ ప్రెజర్ సెన్సర్ కప్లర్ ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి దాని మూడు పిన్నులు కొలిస్తే ఒకదాని మీద 5 వోల్టులు రావాలి. సున్నాకి దగ్గరుంటే ఆ లైనుని ఎవరో కిందికి లాగుతున్నారు. యాక్సిలరేటర్ పెడల్, టర్బో ప్రెజర్ సెన్సర్, ఏసీ గ్యాస్ ప్రెజర్ సెన్సర్, ఇలా ఆ లైను పంచుకునే వాటి కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. దేన్ని తీయగానే 5 తిరిగి వస్తే అదే దొంగ. ఏసీ సెన్సర్ పోయి ఇంజన్ స్టార్ట్ కాకపోవడం వింటే నవ్వొస్తుంది గానీ, కొన్ని మోడళ్ళలో జరిగేదే. అన్నీ ఊడదీసినా 5 రాకపోతే వైరింగులో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. అదీ కాదంటే అప్పుడు ఈసీఎంని అనుమానించాలి.

జీపుమామ | దర్శి

పాతవైరింగు గారూ, నా జీపు సంగతి. తాళం ఆన్ చేస్తే సోలనాయిడ్ వైరుకి బల్బు బాగానే వెలుగుతోంది, వైరు తగిలించే ఉంచి చూశా, లోడు మీదే. కానీ టిక్ అనడం లేదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు వేసినా అంతే.

పాతవైరింగు | ఒంగోలు

అయితే సోలనాయిడే. మరతో బిగించి ఉంటుంది, విప్పేటప్పుడు లోపల చిన్న పిన్ను, స్ప్రింగు ఉంటాయి, దుమ్ములో పారేసుకోకండి. పాతది జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి. 12 వోల్టులది, 24 వోల్టులది చూడ్డానికి ఒకేలా ఉంటాయి, దాని మీద రాసి ఉంటుంది, చదివి తీసుకోండి. కొత్తది పెట్టాక పంపు బ్లీడ్ స్క్రూ వదులు చేసి ఎయిర్ తీయండి. మీ జీపుకి ఆ స్పానర్ పని చేసుకోవచ్చు.